పగటిపూట ఎంచిన దుర్భిణి

సూట్‌కేసు కోసమని స్టోరు గదిలో దూరిన మా మనవరాలు, సూట్‌కేసు సంగతి వదిలేసి ఒక పాత బిస్కెట్ల డబ్బాతో బయటికి వచ్చింది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోతే చెంచాతో పొడిచి పొడిచి ఊడదీసింది. లోపల మా అమ్మ చీర ముక్క, అందులో చుట్టి మా అయ్య దుర్భిణి. తుపాకీ మీద బిగించి గురి చూసుకునేది, ఇప్పటివాళ్ళు స్కోపు అంటారు. మూరెడుకి కాస్త తక్కువ పొడవున్న నల్లటి గొట్టం, రెండు చివరలా అద్దాలు. మూత తియ్యగానే తుపాకీ నూనె వాసన గుప్పుమందని నేనన్నాను. మైథిలి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "వేర్ గాట్, అమ్మమ్మా? ఓన్లీ తుప్పు స్మెల్ లా" అంది. ఈ కాలం పిల్లలకి ముక్కులు కూడా సరిగ్గా పనిచేయవు.

మైథిలికి తుపాకీ కొత్త కాదు. ఈ సింగపూర్‌లో తుపాకీ అన్న మాట గట్టిగా అనాలన్నా భయమే గానీ, బళ్ళో మాత్రం పిల్లలకి దళసరి కోటు తొడిగి, చేతికి గాలి తుపాకీ ఇచ్చి, కాగితం మీది చుక్కని కొట్టమంటారు. మా పిల్ల ఆ చుక్కని బాగానే కొడుతోంది. ఎంత బాగా అంటే, జురాంగ్ ఈస్ట్ దాటి ఎక్కడో ఉన్న ఒక ఆటల బడివాళ్ళు హాస్టల్లో చోటిస్తాం రమ్మన్నారు. చేరితే సెలవులకి తప్ప ఇంటికి రాదు. సూట్‌కేసు అందుకే. దుర్భిణిని కంటికి ఆనించుకుని కాసేపు తిప్పి తిప్పి చూసి, "మా కాంపిటీషన్‌లో ఇది కెనాట్ యూజ్, అమ్మమ్మా. మాకు పెద్దగా చూపించే అద్దాలే ఉండవు, చిన్న కన్నంలోంచి చూడాలి, అంతే" అని పెద్ద గురువులా చెప్పింది. తరవాత గొంతు తగ్గించి, "ఎనీవే, నేను వెళ్ళట్లేదు. మమ్మీకి చెప్పేశా" అంది.

ఎందుకు వెళ్ళట్లేదో నేను అడగనక్కర్లేదు. మధ్యలో నేనున్నాను. నా కళ్ళు పాడయ్యాయి. ఎటు చూస్తే అటు, సరిగ్గా చూడాలనుకున్న చోటే ఒక బూడిదరంగు మచ్చ వచ్చి కూర్చుంటుంది. అంచులు మాత్రం కనిపిస్తాయి. ఎదురొచ్చిన మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. బస్సు వస్తుంది, నంబరు రాదు. కూతురు విమల, అల్లుడు పొద్దున పాయా లేబర్‌లో ఆఫీసులకి పోతే దీపాలు పెట్టాకే రావడం. మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన మైథిలే నన్ను కిందికి తీసుకెళ్తుంది, తిండి కొట్లన్నీ ఉండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేస్తుంది, అంటే ఇది మాదని పట్టి ఉంచుతుంది, ఏ కొట్లో ఏముందో చదివి చెబుతుంది, తెల్ల మాత్ర ఏదో పసుపు మాత్ర ఏదో వేరుచేసి పెడుతుంది. అది లేకపోతే ఈ బెడోక్ ఫ్లాట్లో తలుపు గడియే నాకు పొలిమేర. పనిమనిషిని పెడదామని అల్లుడు అన్నాడు. ఉన్న మనకే కాళ్ళు చాపుకునే చోటు లేదు, ఇంకో ఆడమనిషిని ఎక్కడ పడుకోబెడతావని నేనే అరిచాను. విమల నాతో ఏమీ అనదు. వంటింట్లో అల్లుడితో అంటుంది, నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు: "అమ్మను అలా ఒంటరిగా ఎలా వదిలేస్తాం? నెక్స్ట్ ఇయర్ చూద్దాంలే." 'తరవాత చూద్దాం' అన్న ఆ మాట నేను మైథిలి వయసులో విన్నాను. ఆ మాటలో ఊపిరి ఎలా ఆడదో నాకు తెలుసు.

మేముండేది సింగపూర్‌కి అవతల, మలేషియాలోని జొహోర్‌లో ఒక ఆయిల్ పామ్ ఎస్టేటులో. విశాఖపట్నం వైపు నుంచి మా తాతలు ఓడెక్కి వచ్చి పడిన చోటు. మా అయ్య ఆ ఎస్టేటుకి తుపాకీ మనిషి. కొత్తగా నాటిన మొక్కల మొదళ్ళని అడవిపందులు రాత్రికి రాత్రి కుళ్ళగించి లోపలి గుజ్జు తినేసి పోతాయి. వాటిని కాల్చడం అయ్య పని. తుపాకీ కంపెనీది, లైసెన్సు కంపెనీది, మేముండే ఇల్లూ కంపెనీదే. మిగతా కూలీలవి వరస ఇళ్ళు. మాది మాత్రం చివర విడిగా ఉండేది, ఎందుకంటే తుపాకీ పెట్టే ఇనప బీరువా గోడలో బిగించింది ఆ ఇంట్లోనే. అది మా ఇల్లు కాదు, తుపాకీ ఇల్లు, తుపాకీతో పాటు మమ్మల్ని కూడా ఉండనిచ్చారు. ఆ మాట అమ్మ రోజుకొకసారైనా అనేది. అరుగు అలుకుతూ, "ఎవలింటికో ముగ్గులెట్టుకుంటన్నాం" అనేది.

పొద్దున కిరాణీ, అంటే ఎస్టేటు గుమస్తా, గంట కొట్టక ముందే అమ్మ లేచి గంజి కాచేది. గంజిలోకి కాల్చిన ఎండుచేప, బెలచాన్ వేసి నూరిన పచ్చడి. ఆ రొయ్యల ముద్ద వాసన, మిల్లు నుంచి వచ్చే ఉడికిన పామ్ కాయల వాసన, అయ్య చొక్కాకి పట్టిన తుపాకీ నూనె వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. ఇప్పుడు మా ఫ్లాట్‌కి ఏ వాసనా లేదు, అల్లుడు ఏదో స్ప్రే కొడతాడు. మధ్యాహ్నం అయ్య పాత సారంగు లుంగీ ముక్కతో తుపాకీ తుడుచుకునేవాడు. మేము మాట్లాడకూడదు, దగ్గకూడదు, గడప మీద నిలబడకూడదు. సాయంత్రం బయల్దేరేముందు నోట్లోని తాంబూలం ఉమ్మేసి, పుక్కిలించి, చెప్పులు విప్పి అరుగు కింద పెట్టేవాడు. పందికి వక్క వాసన తెలుస్తుందట. పంది పడితే మాంసం వరసలన్నింటికీ పంచేవాళ్ళు. అమ్మ మాత్రం దాన్ని ఇంటి పొయ్యి మీద పెట్టనిచ్చేది కాదు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, మిరియాలు దంచి వేసి, వేరే కుండలో వండేది. తినేటప్పుడు మాత్రం అందరికన్నా ముందు తనే రుచి చూసేది, ఉప్పు సరిపోయిందో లేదో తెలియాలని.

నేను మైథిలి ఈడుకి వచ్చేసరికి అయ్య చూపు మందగించింది. తుపాకీ కాల్చాలంటే కంటి దగ్గరి గాడి, గొట్టం చివరి ముల్లు, దూరాన ఉన్న పంది, మూడూ ఒక వరసలోకి రావాలి. వయసు మీదపడిన కంటికి ఆ మూడూ ఒకేసారి పట్టవు. అయ్యకైతే గాడి ఎప్పుడో పోయింది, ముల్లు పోతోంది, సంధ్యవేళ పంది కూడా పోవడం మొదలుపెట్టింది. ఈ సంగతి తెలిసింది మా ముగ్గురికే. ఎస్టేటు దొరకి తెలిస్తే తుపాకీ పోతుంది, తుపాకీ పోతే ఇల్లు పోతుంది. అందుకని అయ్య నన్ను వెంట తీసుకుపోయేవాడు. అయ్య మోకాలి మీద కూర్చుంటే నేను వెనక నిలబడి భుజాల మీద చేతులు వేసేదాన్ని. ఎడమ భుజం నొక్కితే ఎడమకి, కుడి నొక్కితే కుడికి, రెండూ కలిపి నొక్కితే కాల్చమని. మాట్లాడితే పందులు పారిపోతాయి కదా. నేను నొక్కుతుంటే అయ్య మసక ముద్దగా కనిపించిన దాన్ని అలవాటు మీద కొట్టేవాడు. అడిగినవాళ్ళకి అమ్మ, "పిల్లకి తుపాకంటే సరదా" అని చెప్పేది. సరదా! దోమలు పీకుతుంటే కదలకుండా నిలబడటం ఎంత సరదానో ఆవిడకేం తెలుసు.

సరిగ్గా అప్పుడే సింగపూర్‌లో ఉన్న మా పెద్దమ్మ కబురు పెట్టింది. ఎస్టేటు బడి చిన్న తరగతులతో ఆగిపోతుంది, పిల్లని నా దగ్గరికి పంపండి, ఇంగ్లీషు బళ్ళో వేస్తాను అని. నేను ఎగిరి గంతేశాను. అమ్మ అప్పుడే నా గౌనులు మడత పెట్టింది. అయ్య తలెత్తకుండా, "తరవాత సూద్దాం లెండి" అన్నాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. నేను పోతే ఆ భుజాల మీద చేతులెవరివి? బడికి పోయే దారి మా అయ్య కళ్ళలోంచి పోతోంది, ఆ దారి మూసుకుపోయింది. రోజూ సాయంత్రం ఆయన వెనక నిలబడి ఆ బట్టతలని చూస్తుంటే నాకు జాలి, అసహ్యం రెండూ వచ్చేవి. ఏడుపొచ్చినా కదలకూడదు.

దుర్భిణి మాట తెచ్చింది దొర. ఆయనకి ఆదివారాలు క్లబ్బులో దూరాన అట్టముక్క పెట్టి గురి కొట్టే పందేలంటే పిచ్చి. ఎస్టేటు తుపాకీకి మంచి దుర్భిణి బిగిస్తే ఆదివారం ఆయనకి, మిగతా రోజులు పందులకి పనికొస్తుందని, అయ్యని సింగపూర్ వెళ్ళి ఎంచి తెమ్మన్నాడు. దుర్భిణిలో చూస్తే గాడీ ముల్లూ అక్కర్లేదు. అద్దంలో రెండు గీతలు అడ్డంగా నిలువుగా ఉంటాయి, అవి కలిసిన చోట పందిని పెడితే చాలు. ముసలి కంటికి అంతకన్నా వరం లేదు. అమ్మకి అర్థమైపోయింది. మడత పెట్టిన గౌనులు మళ్ళీ బయటికి తీసింది. బస్సులో నన్ను కూడా తీసుకెళ్ళమని పట్టుబట్టింది, పెద్దమ్మకి చూపించాలని.

నార్త్ బ్రిడ్జ్ రోడ్డు వైపు ఒక ఇరుకు సందులో కొట్టు. కొట్టు యజమాని ముసలి చీనా తౌకే, బనీనులో కూర్చుని టీ తాగుతున్నాడు. అయ్య మలయ్ భాషలో దుర్భిణి కావాలన్నాడు. తౌకే, "ఎవరికి? ఎవరి కన్ను?" అని అడిగాడు. అయ్య ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఆ తౌకే దగ్గరికే మా దొర, ఆయన క్లబ్బు స్నేహితులు తూటాలకి వస్తారు. ఇక్కడ అన్న మాట రేపటికి జొహోర్ చేరుతుంది. "దొరకి. క్లబ్బులో గురికి. నా కళ్ళకేం, బాగానే ఉన్నాయి" అన్నాడు అయ్య.

తౌకే రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి పొట్టిది. దూరాన్ని కొంచెమే దగ్గరికి తెస్తుంది గానీ చుట్టుపక్కలంతా కనిపిస్తుంది, గీతలు లావుగా ఉంటాయి. రెండోది పొడుగుది. దూరాన్ని ముక్కు మీదికి లాక్కొస్తుంది, గీతలు వెంట్రుకంత సన్నం. "దొరకైతే ఇది" అని పొడుగుది తోశాడు. తరవాత ఏమనుకున్నాడో, "పందులకి కూడానా? అయితే ఆలోచించుకో. పగలు చూస్తే అన్నీ బాగుంటాయి. పంది పగలు రాదు. సాయంత్రం దాకా కూర్చో, చీకటి పడుతుంటే రెండూ పెట్టి చూడు" అన్నాడు. మాకు సాయంత్రం దాకా కూర్చునే వీలు లేదు. ఎస్టేటుకి పోయే ఆఖరి బస్సు తప్పిపోతే మర్నాడు పనికి లేనట్టే.

అయ్య పొట్టిది పెట్టి చూశాడు, ఊఁ అన్నాడు. పొడుగుది పెట్టి వీధి చివరికి చూశాడు. అలాగే ఉండిపోయాడు. పెదాలు కదులుతున్నాయి. వీధి చివర ఒక తమిళాయన మందుల కొట్టు బోర్డు, అయ్య దాన్ని ఎస్టేటు బళ్ళో నేర్చుకున్న తమిళంలో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాడు. ఎన్నాళ్ళయిందో ఆయన దూరాన ఒక అక్షరం చూసి. "బుల్లీ, ఈగ వాలిందే, ఆ బోర్డు మీద ఈగ వాలింది!" అన్నాడు. ఆ ముఖం చూశాక వద్దనే నోరు ఎవరికుంటుంది? ఆకలితో ఉన్నవాడికి రెండు విస్తళ్ళు చూపిస్తే పెద్దది లాక్కున్నట్టు లాక్కున్నాడు. పైగా దొరకని చెప్పాక దొర కోరేదే కొనాలి. అయ్య కంటికి కావలసింది పొట్టిది. ఆ మాట అడగకుండా తన నోరు తనే కట్టేసుకున్నాడు.

మొదటి సాయంత్రమే తెలిసిపోయింది. పొద్దు వాలగానే ఆ గొట్టంలో చీకటి నిండిపోయింది. నా వట్టి కళ్ళకి పామ్ చెట్ల మధ్య పందులు చక్కగా కనిపిస్తున్నాయి, తల్లీ పిల్లలూ. నేను ఎడమ భుజం నొక్కాను. అయ్య తిప్పాడు. "మొద్దు" అని గొణిగాడు. కుడి నొక్కాను. "మట్ట" అన్నాడు. అంత దగ్గరికి తెచ్చే అద్దంలో పక్కనున్నది దొరకదు. అందులో ఆకు ఒక్కటి కనిపిస్తుంది, చెట్టు కనిపించదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ సన్నని గీతలు గంతులేస్తున్నాయట. చివరికి కాల్చాడు, గుండు చెట్టుకి తగిలింది. పందులు పోయాయి. ఆదివారం దొర క్లబ్బులో పందెం గెలిచి ఉబ్బిపోయి వచ్చాడు. ఇక దాన్ని మార్చే మాటే లేదు. అమ్మ నా గౌనులు మళ్ళీ పెట్టెలో పెట్టింది. అయ్య అద్దాలకి మూతలు పెట్టేసి, పాత పద్ధతిలోనే ముల్లు చూసుకుందామంటే దుర్భిణి బిగింపు అడ్డు. ఇప్పుడు నా చేతులు ఇంకా ఎక్కువ కావలసి వచ్చాయి.

వానలు మొదలయ్యే ముందు ఒకరోజు అయ్య నన్ను పిలవకుండా ఒక్కడే పోయాడు. చెప్పులు అరుగు కింద ఉన్నాయి, మనిషి లేడు. అమ్మ గుమ్మంలోనే నిలబడింది. ఒకే ఒక్క తుపాకీ చప్పుడు వినిపించింది. కాసేపటికి నలుగురు కూలీల చేత పెద్ద మగ పందిని మోయించుకుని వచ్చాడు. "ఒక్కడినే కొట్టినాను బుల్లీ. దీని కిటుకు దొరికింది. అద్దం ఎలా తిప్పాలో ఇన్నాళ్ళూ తెలీనేదు. ఇప్పుడు బాగా కనిపిస్తంది. నువ్వు ఎల్లు" అన్నాడు. నేను ఆ రాళ్ళ పొయ్యి చుట్టూ తిరుగుతూ ఎగిరాను. పందిని కడగడానికి అమ్మ నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఆ నెలలోనే సముద్రం మీది కాజ్‌వే దాటి పెద్దమ్మ ఇంటికి వచ్చేశాను. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, పెళ్ళి చేసుకున్నాను, ఈ దేశం దాన్నైపోయాను.

నేను వచ్చేసిన మరుసటి ఏడాది కొత్త దొర వచ్చాడు. కొత్త మొక్కలు వరసలకి వరసలు నేలకూలి ఉన్నాయి. ఇంకో తుపాకీ మనిషిని పెట్టారు, అతను ఈ దుర్భిణి పనికిరాదని ఊడదీసి అయ్య చేతిలో పెట్టాడట. అమ్మా అయ్యా టౌనులో ఒక చీనా సామాన్ల కొట్టు మీద కిటికీ లేని గదిలోకి మారారు. నాకు మాత్రం కంపెనీ వయసైనవాళ్ళని విశ్రాంతికి పంపిందని చెప్పారు. నేను నమ్మాను. అయ్య పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేస్తూ చీరల మధ్య ఈ గొట్టాన్ని తెచ్చింది. ఈ ఫ్లాట్ వంటింట్లోనే, చిక్కుడుకాయలు తుంపుతూ, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా చెప్పింది: "ఆ పంది ఉచ్చులో పడ్డదేనే. నాలుగు రోజులు అడివంతా ఎతికి మీ అయ్యే తీగ ఉచ్చులు ఏసినాడు. ఎనక కాలికి తీగ కోసుకుపోయి ఉంది. నీకు కనబడతాదని నేనే నిన్ను రానీలేదు. దగ్గిరికెల్లి నెత్తి మీద పెట్టి కొట్టినాడు. మరి నీకు సెబితే నువ్వెల్తావేటి?"

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పోయిన మనిషి మీద అంత కోపం రావచ్చని నాకప్పటిదాకా తెలియదు. కిటికీ లేని ఆ గదిలో ఆయన ఏం చూస్తూ కూర్చున్నాడు? నన్నొక మాట అడగాలి కదా. అడిగితే ఉండిపోయేదాన్ని. ఉండిపోతానని తెలిసే అడగలేదు. ఆ కోపాన్నీ దుర్భిణినీ కలిపి డబ్బాలో పెట్టి మూత వేశాను. ఇన్నేళ్ళకి మనవరాలు చెంచాతో తెరిచింది.

అప్పుడు ఇల్లు మాది కాదు, ఇప్పుడీ ఫ్లాట్ మాదే. అప్పుడు పంది దొరక్కపోతే రోడ్డున పడేవాళ్ళం, ఇప్పుడు నాకు డాక్టరున్నాడు, లిఫ్టుంది, గుమ్మం దాకా అన్నీ వస్తాయి. అంతా మెరుగే, కాదనను. కానీ వెనక నిలబడి కదలకుండా ఉండే ఆడపిల్ల మాత్రం అలాగే ఉంది. నిజం చెప్పాలంటే మైథిలిని పంపాలని నాకు లేదు. అది పోతే మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయో తలుచుకుంటేనే గోడలు దగ్గరికి వస్తున్నాయి. మా అయ్యలాంటి మంచితనం నాకు లేదు, భయమే ఉంది.

అయినా నోరు తెరిచాను. "ఎందుకు వెళ్ళవు? కొత్త డాక్టరిచ్చిన చుక్కలు బాగా పనిచేస్తున్నాయి. మీ అమ్మకి చెప్పలేదు గానీ, ఇప్పుడు నాకు బాగానే కనిపిస్తోంది" అన్నాను.

మైథిలి నన్ను కారిడార్‌లోకి నడిపించింది. నా వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. "ఓకే. ఎదుటి బ్లాక్ నంబర్ ఏంటి?"

చెప్పాను. విమల పుట్టకముందు నుంచీ ఇక్కడున్నాను, చెప్పనా?

"దట్ వన్ యూ మెమొరైజ్ వాట్. పైనుంచి రెండో ఫ్లోర్ చూడు. గెడ మీద ఏం ఆరేశారు?"

ఆ ఎదుటి గోడంతా నా కంటికి బూడిదరంగు మచ్చే. అంచున ఏదో గాలికి ఊగింది, అంతే. "నీలం దుప్పటి" అన్నాను.

మైథిలి దుర్భిణి ఎత్తి చూసిందో, వట్టి కళ్ళతోనే చూసిందో, నన్ను చూసిందో నాకు తెలియదు. భుజం మీది చెయ్యి ఒకసారి గట్టిగా బిగిసింది.

"కరెక్ట్ లా, అమ్మమ్మా" అంది.

పక్క ఫ్లాట్ ఆవిడ అక్కడే మొక్కలకి నీళ్ళు పోస్తోంది. ఆ గెడ మీద నిజంగా ఏముందో ఆవిడని అడగొచ్చు. అడగలేదు.

"సూట్‌కేసు పై అరలో ఉంటుంది" అన్నాను. "ఎడమ పక్కకి చూడు."